రెండో పొయ్యి

3-6-1974
ఆయన నెల్లూరు నుంచి వచ్చారు. చెప్పులు విడవకముందే నవ్వుతున్నారు. ఆ మొహంలో నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో! నిరుడు ఇన్‌కమ్ టాక్సు కట్టడానికి నా గాజులు తాకట్టుకు పోయాయి. ఈసారి ఏకంగా కొట్టే పోతుందని భయం. ప్లీడరు గారు దారి చెప్పారట. అన్నదమ్ములు ఉమ్మడిగా ఉన్నందుకే ఇక్కడ ఆత్మకూరు కొట్టూ అక్కడ ఉదయగిరి కొట్టూ కలిపి ఒకే లెక్క, అంతంత పన్ను. వేరుపడితే ఎవరి లెక్క వాళ్ళది. పన్ను సగానికి దిగుతుంది.
"వేరుపడేదేంది?" అన్నాను.
"కాగితం మీదనే పిచ్చిదానా. ఇంట్లో ఏమీ మారదు."
మరిది చంద్రం పక్కనుంచి — "నీ చేతి పులుసు వదిలిపెట్టి నేనేడికి పోతాను వదినా!"

5-6
వెనక వరండాలో రెండో పొయ్యి. నిజంగా వేరే వండుకుంటున్నారా లేదా అని ఇన్‌స్పెక్టరు ఇంటికి వచ్చి చూస్తాడట. తోడికోడలు రుక్మిణి మట్టి మెత్తుతోంది, నేను నీళ్ళు పోస్తున్నాను. ఇద్దరికీ నవ్వాగలేదు. చిన్నప్పటి గుజ్జనగూళ్ళ ఆటలాగే ఉంది.

9-6
దస్తావేజు రాశారు. ఆయన కుటుంబం — ఆయన, నేను. అంతే. చంద్రం కుటుంబం — చంద్రం, రుక్మిణి, కూతురు వసంత.
కన్నది రుక్మిణే, కాదనను. పురుట్లోనే జబ్బు పడి ఆసుపత్రిలో నెలల తరబడి ఉండిపోతే చంటిగుడ్డు నా ఒళ్ళోకొచ్చింది. అయిదేళ్ళుగా నా పక్కలోనే పడుకుంటుంది. నన్నే అమ్మ అంటుంది, తల్లిని చిన్నమ్మ అంటుంది. నాకు పిల్లలు లేరన్న మాట ఈ ఇంట్లో ఎవరి నోటా రాలేదు ఇన్నాళ్ళూ. ఇవాళ స్టాంపు కాగితం అనేసింది.

17-6
ప్లీడరు గారు ఇల్లు చూడ్డానికి వచ్చారు. పొయ్యి బాగుందన్నారు. అంతలో వసంత వచ్చి నా కొంగు పట్టుకుంది. "అమ్మా, ఆకలి."
ప్లీడరు గారి మొహం మాడిపోయింది. ఎవరి పాప అని అడిగి తెలుసుకుని — "పెద్దవాళ్ళను నమ్మరయ్యా, పిల్లల్నే అడుగుతారు. ఈ పాప ఈమెను అమ్మా అన్నా, ఈ పొయ్యి దగ్గర తింటానన్నా మన కేసు పోయినట్టే."
అందరూ నా వైపే చూశారు.
"నేర్పుతాలెండి" అన్నాను. నన్నెవరు అనమన్నారు! నా నోరు పడిపోను.

18-6
"నేనెవరు?"
"అమ్మ."
"కాదు, పెద్దమ్మ."
"అమ్మా!" — పకపకా నవ్వు. ఆట అనుకుంటోంది.

20-6
బెల్లం ముక్క చూపించాను. పెద్దమ్మ అంటేనే ఇస్తానన్నాను. అంది. ఇచ్చేసి పెరట్లోకి పోయి ఏడ్చాను.

22-6
కొట్టాను.
అన్నం వేళకు నా పొయ్యి దగ్గరికే వచ్చి కూర్చుంది. లేపి రుక్మిణి దగ్గరికి పంపితే మళ్ళీ వచ్చింది. ఇటు ఆయన మొహం చూడలేను, అటు దీని మొహం చూడలేను... వీపు మీద ఒక్కటి వేశాను. వెక్కుతూ వెళ్ళి అక్కడ తింది. రుక్మిణి కలిపి ముద్దలు పెట్టింది.

25-6
ఇవాళంతా నా కొంగు పట్టుకోలేదు.

2-7
ఇన్‌స్పెక్టరు వచ్చాడు. చిన్నవాడు, మర్యాద తెలిసినవాడు. రెండు పొయ్యిలూ చూశాడు, బూడిదలో వేలు పెట్టి చూశాడు, మజ్జిగ ఇస్తే తాగాడు. వసంతను దగ్గరికి పిలిచాడు.
"ఏ పొయ్యి దగ్గర తింటావు పాపా?"
"అమ్మ దగ్గర." వేలు రుక్మిణి వైపు.
"మరి ఈమె?"
"పెద్దమ్మ. వాళ్ళు వేరే."
వేరే అనే మాట నేను నేర్పలేదు.

11-9
ఆర్డరు వచ్చింది. వేరుపడినట్టు ఒప్పుకున్నారు, కొట్టు నిలబడింది. ఆయన గాజులు విడిపించుకొచ్చి తనే నా చేతికి తొడిగారు. కళ్ళలో నీళ్ళు ఆయనకు. మంచివాడు. ఏమనను?

12-9
"ఇంక ఆ పొయ్యి తీసేద్దామా?" ఆయన్ని అడిగాను.
"అప్పుడేనా? మళ్ళా సంవత్సరం కూడా చూస్తారంట. చంద్రం ఉదయగిరిలోనే కాపురం పెడితే ఇంకా గట్టిగా ఉంటాదని ప్లీడరు గారు చెప్పినాడు."

29-9
చంద్రం వాళ్ళు ఉదయగిరి వెళ్ళారు. కిటికీ పక్క సీటు దొరికిందని వసంతకు సంబరం. బస్సు కదిలాక చెయ్యి ఊపింది.

14-10
ఇద్దరికే వంట. రోజూ ఎసరు ఎక్కువే పోస్తున్నాను.

20-11
ఉదయగిరి వచ్చాను. వసంత ఒళ్ళోకి వచ్చింది, కాసేపు కూర్చుని ఆడుకోవడానికి పోయింది. కాస్త చిక్కింది. లేదు, ఎదిగింది.
ఆయనకు కూడా చెప్పకుండా ఒక మాట మనసులో పెట్టుకుని వచ్చాను. అడిగేశాను. పిల్లను నాతో తీసుకుపోతాను, ఇన్‌స్పెక్టరు వచ్చే వేళకు పంపిస్తాను అని.
రుక్మిణి బియ్యం ఏరుతోంది. చేట మీద చెయ్యి ఆగింది.
"తీసకపో అక్కా. నువ్వు లేకుంటే అది బతికేదే కాదు. కాదనే నోరు నాకు లేదు."
మళ్ళీ రాళ్ళు ఏరుతూ, తలెత్తకుండానే —
"అది నన్ను చిన్నమ్మా చిన్నమ్మా అని పిలస్తా ఉంటే అయిదేళ్ళు మీతోపాటు నవ్వినాను. ఇప్పుడిప్పుడే నా పక్కన పండుకుంటా ఉండాది."
ఒకే ఇంట్లో ఉన్నాం. ఒకే వంటింట్లో. ఆ నవ్వు రోజూ చూశాను కదా...

21-11
మధ్యాహ్నం బస్సుకు వెళ్ళాలి. రుక్మిణి పొద్దున్నే వసంత గౌన్లు మడిచి, సంచిలో పెట్టి, గుమ్మం దగ్గర ఉంచింది. వసంత ఆ సంచి దాటుకుంటూ లోపలికీ బయటికీ తిరుగుతోంది.
"వదినా, బస్సుకు చిల్లర తెచ్చినాను. ఒక టిక్కెట్టా, ఒకటిన్నరా?" చంద్రం వాకిట్లోంచి రెండోసారి అడుగుతున్నాడు.
రుక్మిణి వంటింట్లోంచి బయటికి రావడం లేదు.