పొగరన్నారు నిన్ను

అక్కా,

నువ్వు పోయి ఏడాదయింది. పోయిన నెల ఉయ్యూరులో నీ సంవత్సరీకం పెట్టారు. వెళ్ళాను. పులిహోర, గారెలు, బొబ్బట్లు... నీ ఫొటో ముందు స్వీట్లు పెడుతుంటే ఒళ్ళు మండిపోయింది.

భోజనాల దగ్గర మీ అత్తగారు మళ్ళీ అదే మాట. కోడలు మంచిదేగానీ కాస్త పొగరట. పెద్దవాళ్ళకి ఏనాడూ నిండుగా దండం పెట్టలేదట. వేళ్ళ కొసలు ఆనించి ఊరుకునేదట.

నీ వేళ్ళెలా ఉండేవో ఆవిడెప్పుడైనా పట్టుకు చూసిందా? చర్మం దళసరెక్కి, మైనం పూసినట్టు బిగుసుకుపోయి... గిల్లితే పట్టుకి దొరికేది కాదు.

వన్ టౌన్‌లో చీరలు కొనాలని అబద్ధం చెప్పి నిన్ను చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను, గుర్తుందా? చేతులు జోడించమన్నాడు. అరచేతులు ఆనకుండా మధ్యలో మిగిలిన సందు చూసి, షుగరు ఎన్నాళ్ళనుంచి అని అడిగాడు. బయటికొచ్చి నువ్వు పడీపడీ నవ్వావు. "చూశావటే, ఇన్నేళ్ళు దాచింది... నా దండం చూసి కనిపెట్టేశాడు!"

చిన్నప్పుడే వచ్చిన షుగరు. పెళ్ళిచూపులప్పుడు చెప్పొద్దంది అమ్మ. పెళ్ళయ్యాక నెమ్మదిగా చెప్పుకోవచ్చంది. ఆ నెమ్మది ఎప్పటికీ రాలేదు. ఇన్సులిన్ దొంగసరుకులా దాచుకున్నావు. ఇంట్లో ఎవరూ లేకపోతే ఇంజక్షను, ఉంటే లేదు.

షుగరు ఏళ్ళ తరబడి అదుపు తప్పితే చర్మం ఇలా మందమవుతుందని, వేళ్ళతో ఆగదని డాక్టరు ఆరోజే చెప్పాడు. మీ ఆయనకి చెప్పమన్నాడు. "పాపని బళ్ళో వేశాక చెప్తాలేవే" అన్నావు.

పాపని బళ్ళో వేశారు. నీ కిడ్నీలు పోయాయి. డయాలసిస్ చేస్తున్నప్పుడు కూడా అమ్మ బావగారితో, షుగరు ఈమధ్యే బయటపడిందని చెప్పింది.

ఎవరి పరువు కోసమే అక్కా?

ఆరోజు నేను ఊరుకోలేదు. అది పొగరు కాదు, జబ్బని అందరి ముందూ చెప్పేశాను. పెళ్ళికి ముందునుంచీ ఉందని, మా అమ్మే దాచమందని. అమ్మ నావంక చూసిన చూపు... మీ అత్తగారు మమ్మల్ని మోసగాళ్ళంది. కాదని ఎలా అనను? బావగారు విస్తరి ముందునుంచి లేచి వెళ్ళిపోయారు.

తర్వాత ఓ ఆదివారం గన్నవరం మా ఇంటికి ఒక్కరే వచ్చారు. తిడతారనుకున్నాను. చెబితే నేను వదిలేస్తాననుకుందా, అని అడిగారు. వదిలేసేవారా? లేదా? ఇప్పుడెవరికి తెలుస్తుంది...

ఇన్సులిన్ ఎక్కడ పెట్టుకునేదని అడిగారు. ఫ్రిజ్‌లో పెడితే కనబడుతుందని, మంచం పక్కన మట్టికుండలో, తడిగుడ్డ చుట్టి, అన్నాను. రోజూ దాని పక్కనే పడుకున్నానన్నారు. కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు.

పాపకి రక్తం పరీక్ష చేయించారు. ఏమీ లేదు. రేపొద్దున ఏదైనా వచ్చినా, నీ కూతురు దాన్ని దాచుకుని బతకదు. మీ అత్తగారు అడ్డొచ్చినా, మా అమ్మ అడ్డొచ్చినా సరే. ఇది నాకు వదిలెయ్యి.

అమ్మతో మాటల్లేవు. నువ్వుంటే మాట్లాడమనేదానివి. ఈ ఒక్కటీ అడక్కు.

నీ చెల్లి