మాట మార్చేవాళ్ళ చదువు

ఆదివారం, లింబాయత్

నా కూతురు పదకొండో తరగతిలో సైన్స్ తీసుకుంటుందని వినగానే, భోజనానికి వచ్చిన మా అన్న వెక్కిరించాడు.

"గా సైన్సోళ్ళు సూర్యుడు తిరుగుతుండన్నరు, తర్వాత భూమి తిరుగుతుందన్నరు. గ్రహాలు తొమ్మిదన్నరు, ఇప్పుడు ఎనిమిదంటున్నరు. గిట్ల మాట మార్చెటోళ్ళ చదువెందుకు? చీరలకు లేసు కుట్టే పనికి తోలు."

నాకు ఒళ్ళు మండిపోయింది.

"తప్పని తెలిసినంక వాళ్ళు ఒప్పుకున్నరన్నా. పది కాంగనే నన్ను బడి మాన్పించినవ్. తప్పు చేసిన్నని నువ్వు ఒక్కనాడన్న ఒప్పుకున్నవా?"

అన్న సగం అన్నం వదిలేసి, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. నేను ఆపలేదు.

"మామ మళ్ళ వస్తడా?" అని పిల్ల భయంగా అడిగింది.

"రాకుంటే పీడ పోయె" అన్నాను.

అన్నందుకు బాధ లేదు. ఇరవై ఏళ్ళు ఎందుకు అనలేదా అనే…