మా జార్విస్‌కు కూడా చెత్త ఏరే శిక్ష ఇప్పించుట గురించి

ప్రధానోపాధ్యాయులు శ్రీ ఓల్డ్‌రాయిడ్ గారి సముఖమునకు,
టాస్మేనియా ఉత్తర తీరం, పాలు పితికే యంత్రాల మెకానిక్ డెక్లన్ పైబస్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: బడి గ్రంథాలయం కిటికీ అద్దం పగిలిన కేసులో ముగ్గురు బాలురకు శిక్ష విధించి, అసలు ముద్దాయి అయిన మా కుమారుని విడిచిపెట్టుట గురించి; అట్లు విడిచిపెట్టవద్దని ప్రార్థన.

1. తమకు మనవి చేయునది ఏమనగా, బంతి తన్ని సదరు అద్దమును పగులగొట్టినది మా జార్విసే. కూపర్, నేట్, టోబీ అను తక్కిన ముగ్గురూ "అటు తన్నకురా" అని అరిచినట్లు మా వాడే ఒప్పుకున్నాడు. తాము ఆ ముగ్గురినీ రెండు శనివారాలు మైదానంలో చెత్త ఏరమని ఆదేశించారు. మా వాడిని మాత్రం భుజం తట్టి ఇంటికి పంపారు.

2. కారణం అడుగగా తాము ఫోనులో, "డెక్లన్ గారూ, మీది ఇద్దరు నాన్నల ఇల్లు. వాడి పేరు శిక్షల రికార్డులోకెక్కితే, చూశారా అని వేలెత్తి చూపేవాళ్లుంటారు. నా చేతుల మీదుగా ఆ పని జరగకూడదండీ" అని సెలవిచ్చారు. తమ మంచితనానికి నా కళ్లు చెమర్చిన మాట వాస్తవం. ఫోను పెట్టేశాక గానీ నా కొంప మునిగిందని తెలియలేదు.

3. ఈ ముప్పును కొనితెచ్చినది నేనే. ఇద్దరు మగవాళ్లో ఇద్దరు ఆడవాళ్లో పెంచిన పిల్లలు ఎలా ఎదుగుతారన్న పరిశోధనలు దొరికినవల్లా చదివి, మా ఊరి ఆటల క్లబ్బు మైదానం దగ్గర మాంసం సాసేజీలు కాలుస్తూ, పటకారు ఊపుతూ, వరుసలో నిలబడ్డ ప్రతివారికీ "తక్కిన పిల్లలతో సమానంగా, కొన్నిట్లో ఇంకా మెరుగ్గా" అని వినిపించినవాడిని. సాసేజీలు మాడినా ఉపన్యాసం ఆపలేదు. ఫ్రిజ్ మీద గ్రాఫు కూడా అంటించాను. అందులో సగం నాకే అర్థం కాలేదు. "ఇంకా మెరుగ్గా" అన్న ఆ ముక్క ఇప్పుడు పదకొండేళ్ల వాడి మెడకు చుట్టుకుంది.

4. క్లబ్బులో కెవ్ అను పెద్దమనిషి కలడు. నాకు ఆగర్భ శత్రువు, ప్రాణ స్నేహితుడు. ఆయన వాదన ఇది: "ఒరేయ్ డెక్, నీ కొడుకు మంచోడు కాదని నేనన్నానా? నీ పరిశోధనల సంగతి చెప్తున్నా. వాళ్లడిగింది గుప్పెడు మందిని. ఆ గుప్పెడూ మేం చెప్తాం, మేం చెప్తాం అని ముందుకొచ్చినోళ్లే. ఎవడి పిల్లాడికి వాడే మార్కులేసుకుంటే నా కొడుకూ క్లాసు ఫస్టేరా!"

"అవి పాత లెక్కలు కెవ్. ఇప్పుడు వేలమంది పిల్లల బడి రికార్డులు తీసి చూస్తున్నారు" అన్నాను.

"ఆ రికార్డులు ఎవరు రాస్తార్రా?"

"మాస్టార్లు!" అన్నాను ఛాతీ విరుచుకుని.

అయ్యా, ఆ మాస్టారు తమరే. తాము ఇలా దయ తలిచి రికార్డులో రాయకుండా వదిలేస్తే నేను కెవ్‌కు ఏ మొహం చూపించేది?

5. కెవ్ మాట దేవుడెరుగు. మొన్న శనివారం ఎవరూ పిలవకపోయినా మా వాడు చేతి తొడుగులు వేసుకుని మైదానానికి పోయాడు. "నువ్వు పోరా. నువ్వు గాజుబొమ్మవి, నిన్నేమన్నా అంటే మాస్టారు ఏడుస్తాడు" అన్నారట ముగ్గురూ. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. నేను దగ్గరికి పోతే విదిలించుకున్నాడు.

"నేను అందరికంటే మంచోణ్ణని ఊరంతా చెప్పమని నిన్నెవరడిగారు నాన్నా? నాకు మంచోడుగా ఉండొద్దు. నాకు నేట్ కావాలి" అని వెక్కి వెక్కి ఏడ్చాడు.

వాడి రెండో తండ్రి గ్రాంట్ లేచి వెళ్లి ఫ్రిజ్ మీది గ్రాఫు పీకి చెత్తబుట్టలో వేశాడు. నాకూ ఏడుపు ఆగలేదు.

కావున తాము దయతో రేపటి శనివారంతో మొదలుపెట్టి మా కుమారునికి కూడా రెండు శనివారాల శిక్ష విధించి, పేరు రికార్డులోకెక్కించి, ఆ ముగ్గురి పక్కనే నిలబెట్టవలసినదిగా ప్రార్థన. వారికంటే తక్కువ వద్దు, ఎక్కువా వద్దు. ఎవరైనా వేలెత్తి చూపితే ఆ వేలును నా వైపు తిప్పగలరు, ఉపన్యాసమిచ్చినవాడిని నేనే. తప్పక చిత్తగించవలెను.

తమ విధేయుడు, నోటి దురుసు వలన నష్టపోయిన తండ్రి,
డెక్లన్ పైబస్

తా.క.: మాస్టారూ, శిక్షకు వేసుకెళ్లమని గ్రాంట్ అప్పుడే వాడి చొక్కా ఇస్త్రీ చేసేశాడు. నలుగురికీ లామింగ్టన్లు చేసి పంపుతానంటున్నాడు. శిక్షకు కేకులేమిటయ్యా అని ఆపుతున్నా, వింటేగా. ఇంకో సంగతి. మాలాంటి ఇళ్ల పిల్లల సంగతి కనుక్కోడానికి ఏటా నాకు ఫోను చేసే పరిశోధన వాళ్లు వచ్చే వారం చేస్తారు. బడిలో పిల్లాడికి ఎప్పుడైనా శిక్ష పడిందా అని అడుగుతారు. ఇన్నేళ్లూ లేదనే చెప్పాను. ఈసారి ఫోను తనకే ఇవ్వాలని మా వాడి పట్టు. "పడింది, నేట్‌తో పాటు పడింది అని చెప్తా నాన్నా" అంటున్నాడు. వాడి చేత అబద్ధం ఆడించకండి మాస్టారూ.