రెక్క కింద చెమ్మ

ఏమండీ,

మీరు పోయి ఈ రోజుకు ఏడాది. పొద్దున రేపల్లె ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నాం. మీతోపాటు విమానాల షెడ్డులో పనిచేసిన ప్రసాద్ అన్నయ్య కూడా వచ్చారు.

"చెల్లెమ్మా, మా షెడ్డులో కొత్త రూలు పెట్టారు. రెక్క కింద ఆయిలు చెమ్మ ఏ కాస్త కనబడినా, అది ఎక్కణ్ణించో తేలేదాకా విమానం ఎగరకూడదు. మీ ఆయన ఎప్పుడూ ఈ మాటే అనేవాడు. మేమే, వీడికి చాదస్తం అని నవ్వేవాళ్ళం" అన్నారు.

మీరు పని సంగతులు చెబుతుంటే నేను తల వంచుకుని వినేదాన్ని. సిగ్గుతో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఇవాళ అందరి ముందూ అడిగాను.

"ఎక్కడ కారుతుందో ఎలా కనిపెడతారన్నయ్యా?"

"రెక్క శుభ్రంగా తుడిచి పౌడర్ చల్లుతామమ్మా. కారే చోట పౌడర్ తడిసి మరక పడుతుంది."

"విమానానికి పౌడరేంటయ్యా, పెళ్ళికూతురా?" అని అత్తయ్య నవ్వింది. మీరు పోయాక ఆవిడ నవ్వడం ఇదే మొదలు.

ఇదంతా మన పెళ్ళయిన వారంలోనే మీరు నాకు చెప్పారు. అయినా తెలియనట్టు ఇంకో ప్రశ్న, ఇంకో ప్రశ్న అడుగుతూనే ఉన్నాను. ఆయన నోట మీ మాటలే వస్తున్నాయి. బస్సుకు టైమయిందని ఆయన లేచేదాకా విన్నాను.