చిగురు సందులో మందు పొర

అక్కా, ఒంట్లో బాగానే ఉంది, కింది ముందు పన్ను ఒక్కటే బాగోలేదు.

అది కదులుతోందని పళ్ళ డాక్టరమ్మకి చూపించాను. చిగురుకీ పంటికీ మధ్య సందు పడిందట. అందులోకి గోరంత పల్చటి మందు పొర దూర్చింది. అది కొద్దికొద్దిగా మందు వదులుతూ దానంతటదే కరిగిపోతుందట. "అక్కడ ఏదీ తగలనివ్వకు, ఇది పట్టకపోతే పన్ను పీకడమే" అంది. సరేనని పనిలోకి వచ్చాను. సోఫాలకు గుడ్డ బిగించేవాడికి మేకులు ఉండేది నోట్లోనే కదా! అలవాటు కొద్దీ గుప్పెడు వేసుకుని, నాలుకతో ఒక్కొక్కటే ముందుకు తోస్తూ కొట్టుకుంటూ పోయాను. సగం సోఫా అయ్యాక గుర్తొచ్చింది. అద్దంలో ఎంత చూసినా ఏమీ తెలియలేదు. కరిగిందా, మింగేశానా, మేకుతో పాటు సోఫాలోకి పోయిందా? ఉన్నా కనపడదు, పోయినా కనపడదు, ఇదేం మందే! మా మేస్త్రీకి చెబితే "ఆ సోఫాకి ఇక చిగుళ్ళ జబ్బు రాదులేరా" అని ఇకిలించాడు. సుత్తి విసిరేద్దామన్నంత మండింది.

నా పాత స్వెట్టరు పంపు. బావ నడుం నొప్పి తగ్గిందా? అమ్మకి పళ్ళు తోముకుంటే రక్తం వస్తోందన్నావు, వేడి చేసిందని ఊరుకోక చూపించు. నాన్నకి నా వయసులో పళ్ళన్నీ ఉండేవా? నన్ను ఊరడించకుండా నిజం రాయి.

డాక్టరమ్మకి ఏం చెప్పాలో తెలియడం లేదు. అయినా రేపు వెళ్ళి, తిట్టినా సరే, మేకుల సంగతి చెప్పేస్తాను. అమ్మకి దండాలు, పాపకి ముద్దులు.

నీ తమ్ముడు