కుప్ప చేసి కప్పిన కాఫీ

పెదబయలు,
ఆదివారం.

అక్కకి తమ్ముడు శ్రీను సాష్టాంగ నమస్కారాలు చేసి (నేల మరీ చల్లగా ఉంది కాబట్టి మంచం మీదే చేసి) రాయునది.

ముందుగా శతకోటి క్షమాపణలు. ఈ ఉత్తరం నిండా నా ధైర్యసాహసాలే ఉంటాయి. ఎంత అణుచుకుందామన్నా అణగడం లేదు, ఓర్చుకుని చదువు. అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? నాన్న దగ్గు తగ్గిందా? నేను బాగానే ఉన్నాను. తింటున్నాను, పడుకుంటున్నాను, బాగానే ఉన్నాను. రెండుసార్లు రాశానని కంగారుపడకు.

ఇక్కడ పొద్దెక్కేదాకా పొగమంచే. పొద్దున్న చోడి అంబలి, రాత్రికి పప్పన్నం. గదిలో మాట్లాడదామంటే ఉన్నది ఒక బల్లి. చలికి అదీ పలకడం మానేసింది.

ఈ కాఫీ సీజను అయ్యాక, రైతుల దగ్గర కాఫీ కొనే మా ఆఫీసువాళ్ళు నన్ను ఖాయం చేస్తారో, ఇంటికి పంపుతారో తేలుతుంది కదా. నాన్న అప్పుడే ఊరంతా ఖాయమని చెప్పేశారట. అదే నా భయం.

పోయిన వారం సోంబారి అనే రైతు కళ్ళంలో, తొక్క తీసి కడిగిన కాఫీ గింజలు ఆరబోసి ఉన్నాయి. మబ్బు పట్టింది. మన ఊళ్ళో వడ్లకి చేసినట్టే, "బేగి కుప్ప చేసి బరకం కప్పండి" అని సేనాధిపతిలా ఆజ్ఞాపించాను. మొగుడూ పెళ్ళాం కప్పేశారు. ముసురు వదల్లేదు. తీరా తీసి చూస్తే లోపల ఆవిరి, పులిసిన గంజి వాసన. తడి కాఫీని పల్చగా పరిచి, గాలి తగిలేలా కలియబెడుతూ ఉండాలి. అరకు ట్రైనింగులో ఈ ముక్క చెప్పారు. అప్పుడు నేను కిటికీలోంచి కిరండూల్ రైలు చూస్తున్నాను.

"ఇలా అవుతుందని మీకు తెలీదా?" అన్నాను.

"తెలుసు బాబూ," అన్నాడు సోంబారి.

"మరి చెప్పరేం?"

"మీరు ఆఫీసోలు గదా. కొత్త పద్దతేటో అనుకున్నాం."

ఆయన భార్య దోసెడు గింజలు వాసన చూసి, "ఈ ఏడు ఇంటికి రేకులేద్దుమనుకున్నాం. ఇపుడేటి సేత్తాం బాబూ?" అంది.

నిన్న మా సూపర్‌వైజరు గారు జీపులో ఆ కళ్ళానికి వచ్చి వాసన పట్టేశారు. "వీళ్ళకి ఎన్నిసార్లు చెప్పినా ఇంతేనయ్యా! ఇకమీదట సోంబారి దగ్గర కొనొద్దు," అన్నారు.

అప్పుడు విజృంభించాడక్కా నీ తమ్ముడు! నడుం మీద చెయ్యి వేసి, "అయ్యా! తప్పు నాది. ఇక ఏ కళ్ళంలో కాలుపెట్టినా ముందు 'మీరెలా చేస్తారు?' అని అడిగాకే నోరు విప్పుతాను. ఆయన కాఫీ కొనడం మానకండి!" అని గర్జించాను. కొండలు ప్రతిధ్వనించాయి.

నా పాత స్వెట్టరు, కొంచెం మాగాయ ఎవరిచేతైనా పంపు. ఈ గొడవ నాన్నకి ఇప్పుడే చెప్పకు. పెద్దవాళ్ళందరికీ నా దండాలు. అమ్మని నన్ను దీవించమను, ఈ వారం కొంచెం గట్టిగా.

నీ తమ్ముడు,
శ్రీను

తా.క. అక్కా, గర్జన అబద్ధం. ఆయన తిడుతున్నంతసేపూ నా నోరు పెగల్లేదు. సోంబారి నా వైపు చూశాడు. జీపు స్టార్టయ్యాక పరుగెత్తుకెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. "కప్పమన్నది నేనేనండి," అన్నాను. నేను చేసిందల్లా అదొక్కటే. రేపు ఆఫీసుకి రమ్మన్నారు. సోంబారిని కూడా తీసుకురమ్మన్నారు. ఎందుకో చెప్పలేదు.