కాలవగట్టు సత్రంలో పొయ్యిలు

ఏలూరు,
సోమవారం.

అన్నయ్యగారి పాదాలకి తమ్ముడు లింగయ్య దండం పెట్టి రాసుకునేది. నేనూ మంగా ఇక్కడ కులాసా. మీరూ, వదినగారూ, పిల్లలూ ఎలా ఉన్నారు? అమ్మ కళ్లకి మసక ఇంకా పెరిగిందా? ఈ ఉత్తరం అమ్మకి చదివి వినిపించండి, నేను తిట్టిన చోట మాత్రం వదిలెయ్యండి.

తాపీ పనికి ఇక్కడ లోటు లేదండి. తిండికీ లోటు లేదు, ఆ బెంగ పెట్టుకోకండి. కొల్లేటి చేప మాత్రం ఈ బజార్లో వాసనొచ్చాక గాని మా దాకా రాదు. వానకి మా మేడగది కారుతోంది, అయినా బాగానే ఉన్నాం. ఆ గదికి నిచ్చెనెక్కి పోవాలి. కళ్లకి గుడ్డ కట్టిన మనిషిని ఎలా ఎక్కిస్తాం? అందుకే కదా, ఆపరేషనయ్యాక అమ్మని పది రోజులు కాలవగట్టు సత్రంలో ఉంచుదామనుకున్నాం.

ఆ సత్రం సంగతి రాస్తుంటేనే ఒళ్లు మండుతోంది.

పోయిన నెల సత్రం ధర్మకర్తగారి గుమస్తా వచ్చి, పొయ్యిలు తీసేసి నేల చదును చెయ్యాలన్నాడు. మన లంకల్లో వరద తీశాక పాత పొయ్యి పగలగొట్టి కొత్తది పెట్టుకోమూ? అదే అనుకున్నాను, వట్టి వెర్రివెంగళప్పని. ఎనిమిది పొయ్యిలూ నా చేత్తోనే సంబరంగా పలుగుతో పొడిచేశాను. కొత్తవాటికి పెట్టాలని మంగ పసుపు కుంకుమ కూడా తెచ్చింది. సాయంత్రానికి బళ్ల మీద ధాన్యం బస్తాలు దిగాయి. సత్రాన్ని మిల్లువాళ్లకి గోడౌనుగా ఇచ్చేశారట.

చేపలూ చాపలూ వేసుకుని కొల్లేటి నుంచి వచ్చే పడవలవాళ్లు ఇంత వండుకు తిని పడుకోవాలని ధర్మకర్తగారి తాతమ్మ కట్టించిన సత్రమండీ అది. ఆవిడ మునిమనవడు అందులో బస్తాల్ని పడుకోబెట్టాడు. వాటికి వాన తగలకూడదు, మనవాళ్లు తడిస్తే ఫరవాలేదు. సిగ్గులేని జన్మ.

వెళ్లి ఆయన్నే అడిగాను. అమ్మ సంగతీ చెప్పుకున్నాను. ఆయన నింపాదిగా తమలపాకు ఈనె తీస్తూ, "పొయ్యిలు పగలగొట్టింది నువ్వే కదయ్యా, నన్నడుగుతావేం?" అన్నాడు. ఇంటికొచ్చి ఆ రోజు అన్నం ముట్టలేదన్నయ్యా.

మర్నాడు కాలవవైపు వసారాలో, బస్తాలు పెట్టని చోట, ఆ పగిలిన ఇటుకలతోనే ఒక పొయ్యి పెట్టాను. పడవలవాళ్లు వెంటనే ఎసరు పెట్టారు. తీసెయ్యమని గుమస్తా వచ్చాడు.

"అన్నం ఉడుకుతోంది. తన్నాలనుకుంటే మీరే తన్నండి," అన్నాను.

కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. ఎంతటివాడైనా ఉడికే అన్నం మీద కాలెత్తడు. అప్పట్నుంచీ గుమస్తా తిరిగే వేళంతా ఆ పొయ్యిని ఖాళీగా ఉంచడం లేదు. ఒక పడవవాళ్లు కుండ దించితే ఇంకో పడవవాళ్లు ఎక్కిస్తున్నారు. ఖాళీగా కనబడిందా, పొయ్యీ పోతుంది, వసారా పోతుంది.

అమ్మ మంచం అక్కడే గోడవారగా వేస్తాను. వాన కొట్టకుండా తడిక కడతాను. డాక్టరుగారు వచ్చే సోమవారం తీసుకురమ్మన్నారు. తుంగచాప ఒకటి తెండి. మంగ వదినగారిని అడిగానని రాయమంది. మనవాళ్లలో పెద్దలందరికీ మా దండాలు. అమ్మ దీవెన ఉంటే మాకు అదే చాలు.

శనివారం పడవలన్నీ సంతకి పోతాయి. ఆ రోజు పొయ్యి మీదకి మన కుండ తప్ప ఇంకో కుండ లేదు. సోమవారం దాకా ఆగకండి, శుక్రవారానికే అమ్మనీ వదినగారినీ తీసుకుని వచ్చెయ్యండి. బియ్యం ఎక్కువ తెండి.

ఇట్లు,
మీ తమ్ముడు
లింగయ్య